బజారు నమ్మకం ఎవరి సొత్తు?



"సామాజిక పెట్టుబడి" అన్న మాట మన శిక్షణా తరగతుల్లో తరచు వింటున్నాం. మనుషుల మధ్య నమ్మకం కూడా ఒక ఆస్తే అని దాని అర్థం. ఆస్తి అన్నాక అది ఎవరి చేతిలో ఉందని అడగాలి కదా! అందుకే ఈరోజు ఇరాన్ బజార్ల గురించి మాట్లాడదలచుకున్నాను.

టెహరాన్, తబ్రీజ్, ఇస్ఫహాన్ బజార్లు వట్టి దుకాణాల వరసలు కావు. పైకప్పు వేసిన పొడవాటి వీధులు, ఒక్కో సరుకుకి ఒక్కో వరస, మధ్యలో మసీదులు, మదరసాలు, స్నానశాలలు. తరతరాలుగా పక్కపక్కనే కూర్చున్న వర్తకులకు ఎవరి మాట ఎంత నిలుస్తుందో తెలుసు. కాగితం లేకుండానే సరుకు అరువుకి వెళ్ళేది. మాట తప్పినవాడికి ఆ వరసలో మళ్ళీ అప్పు పుట్టేది కాదు. తగాదా వస్తే కోర్టుకెక్కకుండా పెద్ద వర్తకులే కూర్చోబెట్టి తీర్చేవారు. వడ్డీలేని అప్పులకు నిధులుండేవి. మొహర్రం సంతాప సభలు కలిసి జరిపేవారు.

ఈ అల్లిక రాజ్యాన్ని కూడా ఎదిరించింది. 1905 డిసెంబరులో చక్కెర ధర పెంచారంటూ టెహరాన్ గవర్నరు వర్తకుల అరికాళ్ళ మీద కొట్టిస్తే బజారు మూతపడింది. ఆ కదలికే 1906 రాజ్యాంగానికి దారితీసింది.

మరి స్త్రీలు? అంతకుముందు, 1891 పొగాకు ఉద్యమంలో, తబ్రీజ్‌లో అధికారులు దుకాణాలు తెరిపించబోతే జైనబ్ పాషా నాయకత్వంలో స్త్రీలు వచ్చి మళ్ళీ మూయించారని చెబుతారు. అయినా 1906 ఎన్నికల చట్టం వర్తకులకూ, వృత్తి సంఘాలకూ విడిగా సీట్లిచ్చి, స్త్రీలకు ఓటే లేదంది. ఆ ఓటు 1963 దాకా రాలేదు.

తివాచీ సంగతి చూడండి. పల్లెల్లో, ఇళ్ళల్లో మగ్గం ముందు కూర్చునేది ఎక్కువగా స్త్రీలూ, ఆడపిల్లలే. బజారులో పరపతి మాత్రం అమ్మే మగవాడిది. స్త్రీలకు 'సొఫ్రే' అనే మొక్కు విందులు, ఇరుగుపొరుగు కూటములు ఉన్నాయి. అక్కడా కష్టసుఖాలు పంచుకుంటారు, ఒకరినొకరు ఆదుకుంటారు. దాన్ని పెట్టుబడి అని లెక్కగట్టినవాళ్ళు తక్కువ!

1979 విప్లవానికి బజారు డబ్బూ, సమ్మె బలమూ ఇచ్చింది. తర్వాత వర్తకంలో ప్రభుత్వ ప్రమేయం పెరిగి ఆ పాత అల్లికే సడలిందని అరంగ్ కెషవర్జియాన్ 2007 నాటి తన పుస్తకంలో చూపారు. అయినా పూర్తిగా తెగిపోలేదు. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ పోలీసు నిర్బంధంలో ఉండగా మరణించాక, స్త్రీలు మొదలుపెట్టిన పోరాటానికి మద్దతుగా చాలా ఊళ్ళలో దుకాణాలు మూశారు. మూసిన కొన్నిటికి అధికారులు సీళ్ళు వేశారు.