ఉతికినా వదలని చెమట వాసన

జిమ్‌కో, షటిల్ ఆటకో వేసుకెళ్లే టీషర్టు ఉతికి ఆరేసినప్పుడు బాగానే ఉంటుంది. వేసుకుని ఒళ్లు కాస్త వేడెక్కిందో లేదో, పులిసిన వాసన మళ్లీ లేస్తుంది. పాపం, నింద చెమట మీద పడుతుంది. నిజానికి అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసనే ఉండదు. చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలు, ఇతర పదార్థాలదే ఆ కంపు.

ఆట దుస్తులు ఎక్కువగా పాలిస్టరువే. పాలిస్టరు నీటిని పెద్దగా పీల్చదు గానీ ఒంటి జిడ్డును పట్టుకుంటే వదలదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామం తర్వాత ఒక రోజు నిల్వ ఉంచిన చొక్కాల్లో నూలువాటి కన్నా పాలిస్టరువే ఎక్కువ కంపు కొట్టాయి. మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా వాటి మీద బాగా పెరిగింది.

కాబట్టి తడిసిన బట్టల్ని సంచిలో కుక్కి ఉంచకండి. ఇంటికి రాగానే దండెం మీద వేయండి. ఉతికే ముందు తిరగేసి, నాలుగు పాళ్ల చన్నీళ్లలో ఒక పాలు తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టండి. ఆపైన ఎంజైములున్న డిటర్జెంటుతో ఉతకండి. పొడి గుప్పెళ్లతో వేయడం మన అలవాటు. సరిగా జాడించకపోతే ఆ సబ్బే పొరగా మిగిలి జిడ్డును పట్టి ఉంచుతుంది. ఇక పరిమళం కోసం పోసే కండిషనర్ ఈ బట్టలకు శుద్ధ దండగ.

ఒక్క జాగ్రత్త: వెనిగర్‌ను బ్లీచింగ్ ద్రావణంతో ఎప్పుడూ కలపకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. వానాకాలంలో ఎండ దొరక్కపోతే ఫ్యాను కింద ఆరేయండి, పూర్తిగా ఆరాకే మడతపెట్టండి.