హెడ్‌కౌంటూ హాజరుపట్టీ

 

అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో ఒక ఆఫీసు భవనం దగ్గర కంచు విగ్రహం ఒకటి ఉంది. 1990 ప్రాంతంలో టెర్రీ అలెన్ అనే కళాకారుడు చేశాడు. సూటు వేసుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకున్న ఉద్యోగి. నిలువెత్తు మనిషే గానీ తల కనపడదు. నడుము వంచి తలను భవనం గోడలోకి దూర్చేశాడు. దాని పేరు 'కార్పొరేట్ హెడ్'. ఫొటోలో చూసి నవ్వుకున్నాను.

తర్వాత కొన్నాళ్లకు, అప్పుడు నేను పనిచేస్తున్న కంపెనీలో హెడ్‌కౌంట్ తగ్గించాలన్నారు. నాకొక పట్టిక వచ్చింది. ఉద్యోగి నంబరు, జీతం, రేటింగు ఉన్నాయి. పేర్లు లేవు. ఆరు నంబర్లకు గుర్తు పెట్టి పంపాను. అరగంట పని. అందులో ఒకటి నా ఎదురు సీటులో కూర్చునే కుర్రవాడిది. వాళ్లావిడకు నెలలు నిండాయని అతను వెళ్లిపోయాక తెలిసింది. ఆ అరగంట నా తల కూడా గోడలోనే ఉంది.

మన బడిలోనూ మనం నంబర్లమే. "ముప్పై ఏడు" అంటే "ప్రెజెంట్ సార్". కానీ జవాబు రాకపోతే సారు అక్కడే ఆగేవారు. "వాడేమైనాడ్రా?" శెనక్కాయలు పీకే కాలమైతే చేన్లో ఉన్నాడనేవాళ్లం. వాన లేని ఏడు, "బెంగుళూరికి పన్లకు పోయినారు సార్, వాడూ పోయినాడు" అనేవాళ్లం. సారు సాయంత్రం వాళ్ల ఇంటిదాకా పోయి అవ్వాతాతలతో మాట్లాడి వచ్చేవారు. అట్లా తిరిగి బడికొచ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు.

లేపాక్షికి తీసుకుపోయినప్పుడు మనమంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూశాం. సారు మాత్రం నేల బండలో తొలిచిన కంచాలు చూపించారు. పదహారో శతాబ్దంలో ఆ గుడి కట్టిన శిల్పులు వాటిలో అన్నం తిన్నారని అక్కడివాళ్లు చెబుతారు. "పనిచేసేవానికి ఆకలైతాదని మర్చిపోలేదు చూడండ్రా" అన్నారు సారు.

ఇప్పుడు నా దగ్గరికి పట్టిక వస్తే ముందు పేర్లు అడుగుతాను. అన్ని ఉద్యోగాలనూ కాపాడలేను. కానీ పోయే మనిషిని కూర్చోబెట్టి నేనే చెబుతాను, ఇంటి సంగతి అడుగుతాను. కంపెనీల్లో ఉన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను నేను కోరేదీ అదే.

ఈ రోజు మన బ్యాచ్‌లో కొన్ని నంబర్లు పలకలేదు. వాళ్లేమైనారో భోజనాల దగ్గర కనుక్కుందాం. సెలవు.