పాట మిగలాలంటే

లండన్‌లో క్రెసిడా అనే రాక్ బృందం ఉండేది. చేసినవి రెండే ఆల్బమ్‌లు: 1970లో ఒకటి, 1971లో ‘అసైలం’. రెండోది విడుదలయ్యేసరికే బృందం విడిపోయింది. పేరు తెలిసినవాళ్లు తక్కువే. అయినా పీటర్ జెన్నింగ్స్ ఆర్గాన్‌ను, పది నిమిషాలు దాటే ఆ పాటను నేటికీ తనివితీరా వింటున్నాను. కారణం, రికార్డు మిగలడమే.

మన నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట దర్శనం మొగులయ్య గారి 12 మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ దక్కింది. ఆయన పాడే పండుగ సాయన్న కథ కూడా ముక్కలుగా కాక, మొదటినుంచి చివరిదాకా వినాల్సిందే. మన ఊళ్లలో పాడే పెద్దలు ఇంకెందరో. ఈసారి ఊరెళ్లినప్పుడు వారి అనుమతితో సెల్‌ఫోన్‌లోనైనా పూర్తిగా రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ వారి నోటనే చెప్పించండి.