ఎకరము గజమైన వేళ



ఈ సాయంకాలము మీరు మమ్ము పిలిచి, "మన పేటలు పెరుగుచున్నవి; ఇది మేలునకా, కీడునకా?" యని యడిగితిరి. రాజ్యాంగములను గూర్చి, సామ్రాజ్యములను గూర్చి ఉపన్యాసములు వినుటకలవాటుపడిన పఠనమందిరములో మురుగుకాలువ ముచ్చట నెత్తుట చిన్నతనమని కొందఱు తలపవచ్చును. మాకట్లు తోపదు. తన వాకిటి ముందరి బాటను దిద్దుకొనలేని ప్రజ రాజ్యమును దిద్దుకొనునని మేము నమ్మజాలము. స్వరాజ్యము ఢిల్లీనుండి దిగివచ్చునది కాదు, గల్లీనుండి యెక్కిపోవలసినది.

తుంగతుర్తి సీమకు భూమిని గూర్చిన వాదము క్రొత్తది కాదు. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరున రావి నారాయణరెడ్డి అధ్యక్షతను ఆంధ్రమహాసభ జరిగెను. అటుపిమ్మట కొలది యేండ్లకే కర్విరాల కొత్తగూడెమున బుట్టిన భీమిరెడ్డి నరసింహారెడ్డియు, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యమును, వారివంటి వేలమందియు దున్నువానిదే భూమి యని నిలిచిరి. ఆ పోరాటము 1946 మొదలు 1951 వఱకు సాగెను. నాడు భూమిని ఎకరములతో గొలిచిరి. నేడు గజములతో గొలుచుచున్నారు. ఎకరమునకు 4,840 గజములని బడిపిల్లలు వల్లించు లెక్కయే నేడు వ్యాపారమంత్రమైనది. కొలత మాఱినది, కాని భూమి యెవరి మేలుకొఱకను ప్రశ్న మాఱలేదు.

2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లాకేంద్రమాయెను. తుంగతుర్తి, కోదాడ ఆ జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. హైదరాబాదునుండి విజయవాడకు బోవు 65వ జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుచున్నది. నకిరేకల్లునుండి మహబూబాబాదు దిక్కునకు బోవు 365వ రహదారి తుంగతుర్తిని దాకుచున్నది. బాట వచ్చినచోటికి ధర వచ్చును. ధర వచ్చినచోట హద్దురాళ్లు మొలచును. నిన్న నారుమడియైనది నేడు రంగుజెండాల బీడగుచున్నది.

ఇక మీరు తీర్పడిగిన వ్యవహారమునకు వత్తము. ఒకానొక పేటవారి సంఘము ముందుకీ ప్రశ్న వచ్చినది. పేట పేరుగాని, భూమి యజమాని పేరుగాని మేము చెప్పము. చెఱువుక్రింది మాగాణిలో ఇండ్లస్థలములు వేయ సంకల్పించిరి. వచ్చిపోవుటకున్న దారి యొక్కటే. అదియు బడిముందరినుండి పోవు సందు. సంఘములో మూడు పక్షములేర్పడినవి. స్థలములున్నవారు, "మా ధర పెరుగును, అడ్డుపడకుడు" అనిరి. పాతకాపులు, "మాకు గాలి, వెలుతురు, నెమ్మది పోవును, ఒక్క యిటుకయు పెట్టనీయము" అనిరి. మూడవ పక్షమువారు వెనుక వరుసలో గూర్చుండి చాలసేపు మాటాడలేదు. వారు అద్దెయిండ్లవారు. తుదకొక్కరు లేచి, "మీరందఱు ఇండ్లలో గూర్చుండి ఇండ్లు వలదనుచున్నారు, మేమెక్కడ నుండవలెను?" అని యడిగిరట. సభ నిశ్శబ్దమైనదట.

ఆ నిశ్శబ్దము మంచిదని మా యభిప్రాయము. పేటసంఘము ఉన్నవారి గోడగా మాత్రము మాఱినచో అది సంఘము గాదు, కోట. వలదను మాట తేలిక. ఎట్లుండవలెనో చెప్పుట కష్టము. ఆ కష్టమే పౌరధర్మము. మూడు పక్షములకును న్యాయము కలదు గనుక, త్రాసులో వేయవలసినవేవో చూతము.

మొదటిది నీరు. మన పెద్దలు చెఱువును సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి; కొడుకు, గుడి, తోట, చెఱువు, ఒక్క వరుసలో నిలిపిరి. సూర్యాపేట చెంగటి పిల్లలమఱ్ఱిలో గుడులు గట్టించిన రేచర్ల రెడ్ల కాలమున ఈ సీమయంతయు గొలుసుకట్టు చెఱువుల సీమ. ఒక చెఱువు అలుగు పాఱిన నీరు క్రింది చెఱువును జేరును. ఆ దారిలో ఇల్లు గట్టినవాడు నీటిని ఆపలేడు. ప్రక్కయింటికి మళ్లించును, అంతే. 2012 నాటి భవన నిర్మాణ నియమములు 10 హెక్టారులును అంతకు మించినవియునైన చెఱువుల హద్దునుండి 30 మీటరులలోను, చిన్నచెఱువుల హద్దునుండి 9 మీటరులలోను కట్టడము కూడదనుచున్నవి. ఇది అధికారుల వేడుక కాదు. 2024 ఆగస్టు కడపట, సెప్టెంబరు 1న కుండపోతగా గురిసిన వానకు కోదాడలో వీధులేరులైనవి, ఇండ్లు మునిగినవి, ప్రాణనష్టమును జరిగినది. విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచినవి. వాగు తన పాతదారిని మఱువదు. పట్టాలో పేరు మాఱినను, నీటి జ్ఞాపకములో మాఱదు.

రెండవది ఖాళీచోటు. ఇండ్లస్థలముల పటములో నూటికి పదిపాళ్లు అందఱికొఱకును విడువవలెనని నియమము. విడువని పటములెన్ని గలవో 2020లో తేటతెల్లమైనది. ఆ యేట ఆగస్టు 31న అక్రమ లేఅవుట్ల క్రమబద్ధీకరణకు ఉత్తరువు వెలువడగా, రాష్ట్రమందంతట 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. పది పాళ్ల చోటు విడువని లేఅవుటులో స్థలము కొన్నవాడు దాని విలువలో నూటికి 14 వంతులు చెల్లించి సరిచేసికొనవచ్చుననిరి. ఖజానాకు సొమ్ము వచ్చును, సత్యమే. కాని ఆ సొమ్ముతో మన పేటలో పిల్ల లాడుకొను చోటు మరల బుట్టునా? అమ్మినవాడు లాభము గొనిపోయెను. కొన్నవాడు దండుగ గట్టెను. పిల్లవాడు బాటమీద బంతి యాడుచున్నాడు. కొనువారలారా! హద్దురాయిని జూచి మురియకుడు, ఆమోదపటమును జూపుమనుడు.

మూడవది రాకపోక. మిర్యాలగూడ నేల నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో బంగారము పండుచున్నది. ఆ వడ్లు మిల్లులను నింపుచున్నవి. లారీలు బాటలను నింపుచున్నవి. లారీని తిట్టి లాభము లేదు. మన యన్నము దానిలోనే వచ్చుచున్నది. మిల్లునకు, బడికి, ఆసుపత్రికి ఒక్కటే దారి నిచ్చిన వారిది తప్పు. బాట నిండగానే మొదట కూరగాయల బండివానిని తఱుముట మన పట్టణముల యలవాటు. 2014 నాటి వీధివ్యాపారుల చట్టము వారికి చోటు చూపవలెననియు, ఆ చోటు నిర్ణయించు సంఘములో నూటికి 40 మంది వారే యుండవలెననియు జెప్పుచున్నది. బజారులో కారు నిలిపి సరకు కొనువాడు మూడు బండ్ల చోటు నాక్రమించును. వానిని మాత్రము ఎవ్వరును తఱుమరు!

మనకు నేర్పు లేదని యనకుడు. దురాజుపల్లి పెద్దగట్టున రెండేండ్ల కొకమాఱు లింగమంతుల జాతర జరుగును. జాతీయ రహదారి ప్రక్కనే లక్షలాది జనము కూడుదురు. ఆ దినములలో బండ్లను వేఱుదారులకు మళ్లింతురు, నిలుపుచోట్లు ముందే యేర్పఱతురు, నీళ్లు దెత్తురు. అయిదునాళ్ల జాతర కింత ముందుచూపు చూపువారము నూఱేండ్లుండు పేటకు చూపలేమా? జాతరలో అందఱికిని దారి కావలెను గనుక అందఱు నడుగుదురు. పేటలో ఎవరి వాకిలి వారిదని యూరకుందురు. భేదమింతియే.

అడుగుటకు చోటు లేదా? కలదు. 2019 నాటి పురపాలక చట్టము ప్రతి వార్డునందు యువకులకు, స్త్రీలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేఱువేఱుగ నాలుగు సంఘములను, ఒక్కొక్కదాన 15 మందిని ఏర్పఱుచుమనుచున్నది. గ్రామములకు 2018 నాటి పంచాయతీ చట్టము గ్రామసభ నిచ్చినది. పట్టణమునకు బృహత్ప్రణాళిక సిద్ధమగునపుడు ఆక్షేపణలు దెలుపుడని ప్రకటింతురు. గడువు మీఱినపిదప మనము మేల్కొని ధర్నాకు గూర్చుందుము. పటము గోడనున్నంతకాలము చూడక, ఇనుపయంత్రము వాకిటికి వచ్చినప్పుడు చూచుట మన దుర్వ్యసనము. ఈ నింద మీకేకాదు, పత్రికలవారమైన మాకును చెందును. ఎన్నికల వార్తకిచ్చిన చోటులో పదియవ వంతైనను పటముల వార్తకు మేమియ్యలేదు.

మఱియొక మాట. 2020 నాటి చట్టము పురములలో ఇల్లు గట్టుకొనువాని మాటనే నమ్మి యనుమతి నిచ్చు పద్ధతి దెచ్చినది. లంచపు గడపలు తగ్గించుటకిది మేలైనదే. కాని ప్రభుత్వము మన మాటను నమ్మినపుడు ఆ మాట నిజము గావలెను. కాగితముపై విడిచితినని వ్రాసి నేలపై విడువని మూడడుగులు ప్రక్కవాని గాలి, ఎదుటివాని దారి, అగ్నిమాపకయంత్రము రావలసిన సందు. అది కొలతలోని పొరపాటు గాదు; చౌర్యము.

కావున ఆ పేటసంఘమునకు మేము చెప్పదలచిన తీర్పిది. ఇండ్లు రానిండు, కాని నాలుగు షరతులమీద రానిండు. చెఱువు హద్దును, నీటిదారిని ముందుగా గొలిపించి రాళ్లు నాటింపుడు. తరువాతనే స్థలముల రాళ్లు. బడిసందు గాక రెండవ దారి యేర్పడినపిదపనే మొదటి యిల్లు. పదిపాళ్ల ఖాళీచోటును పంచాయతీ పేరనో, పురపాలకసంఘము పేరనో వ్రాయించి, కంచె వేయించి, పలక నాటింపుడు. చిన్నస్థలములు కొన్ని యుండవలెను. అద్దెయిండ్లవారును కొనగలిగినవై యుండవలెను. ఈ నాలుగింటికి నొప్పుకొనిన యజమానికి స్వాగతము, ఒప్పుకొననివానికి ఆక్షేపణపత్రము. ఆ పత్రముపై మూడు పక్షములవారును చేవ్రాళ్లు చేయవలెను. స్థలముగలవాని చేవ్రాలు ప్రక్క అద్దెవాని చేవ్రాలున్ననే కచ్చేరిలో దానికి బరువు.

ఒక తరము ఈ మట్టికొఱకు ప్రాణము లొడ్డెను. మనల నట్టి త్యాగము ఎవ్వరును గోరుటలేదు. ఒక సాయంకాలము, ఒక కొలతత్రాడు, ఒక దరఖాస్తు, ప్రక్కవానితో ఒక మాట: ఇంతమాత్రమే కోరబడుచున్నది. ఇదియు నీయలేనివారము వారి పేరు చెప్పుకొనుటకు తగుదుమా? ఎల్లుండి మీ సంఘము మరల గూడునట. వెనుక వరుసలోని వారిని ముందు వరుసకు బిలువుడు. అక్కడినుండి మొదలిడుడు.