సముద్రమే సమాధి అయినవారు



మన కాలువ గట్లపై నీటిని కాచే ఉద్యోగిని లష్కరు అంటాము. ఒకప్పుడు బ్రిటిష్ వర్తక నౌకలలో పనిచేసిన భారతీయ నావికులకూ అదే పేరు. సిల్హెట్, నోవాఖాలీ, రత్నగిరి ప్రాంతాల చిన్న ఊళ్ల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లిన వారిలో ముస్లింలు ఎందరో.

ఓడ అడుగున కొలిమికి బొగ్గు వేయడం చాలామంది పని. టార్పెడో తగిలితే అక్కడినుండి బయటపడటం దుర్లభం. జీతమో, తెల్ల నావికుని కంటే ఎంతో తక్కువ. 1939లో యుద్ధం మొదలవగానే న్యాయమైన వేతనం కోరి సమ్మె చేసినవారిలో కొందరు జైలుకు వెళ్లారు.

మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన 896 మంది లష్కర్లకు కలకత్తాలో హుగ్లీ ఒడ్డున 1924లో స్మారకం వెలసింది. రెండవ యుద్ధంలో సముద్రంలో కలిసిన సుమారు 6,500 మంది అవిభక్త భారత నావికుల పేర్లు చిట్టగాంగ్ యుద్ధ శ్మశానవాటికలోని ఒక గ్రంథంలో ఉన్నాయి.

నేను రిజిస్టర్ల మధ్య జీవితం గడిపినవాణ్ణి. పేరులో ఒక్క అక్షరం తప్పితే పింఛను ఆగిపోవడం చూశాను. జనాజా లేవని ఇంటికి ఆ పేరొక్కటే మిగులుతుంది. వారిని మన దేశభక్తికి సాక్షులుగా పిలవనక్కరలేదు; పేరు సరిగా నిలవడం వారి హక్కు. మీ ఇంటినుండి ఓడకో, సైన్యానికో వెళ్లి తిరిగిరానివారుంటే వారి పేరు, తండ్రి పేరు, ఊరు, సంవత్సరం ఈ రాత్రికే రాసి పిల్లల చేతికివ్వండి.

వారి మగ్ఫిరత్ కోసం దుఆ చేద్దాం.