దాచిన జబ్బు, వెతికిన శాస్త్రవేత్త
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ రోజు ఒక శాస్త్రవేత్త గురించి చెబుతాను. ఆమె మన దేశస్థురాలు కాదు, మన మతస్థురాలూ కాదు. కానీ ఆమె పని మన ఆడపిల్లల ప్రాణాలకు సంబంధించినది. ఆమె డాక్టర్ మేరీ-క్లెయిర్ కింగ్.

1946లో అమెరికాలోని షికాగో దగ్గర పుట్టారు. చిన్నతనంలోనే ప్రాణస్నేహితురాలు క్యాన్సర్‌తో కన్నుమూసింది. మొదట గణితం చదివి, తరువాత బర్కిలీలో జన్యుశాస్త్రంలోకి వచ్చారు. 1970లలో రొమ్ము క్యాన్సర్ మీద పరిశోధన మొదలుపెట్టారు. ఇంత క్లిష్టమైన జబ్బు ఒక్క జన్యువు లోపంతో వంశంలో దిగివస్తుందంటే అప్పట్లో చాలామంది నిపుణులు నమ్మలేదు. ఆమె వాదనకు దిగలేదు. ఒకే ఇంట్లో ఎక్కువమంది స్త్రీలకు ఈ జబ్బు వచ్చిన కుటుంబాలను వెతికి, వంశవృక్షాలు గీసి, రక్త నమూనాలు పరీక్షిస్తూ పోయారు. చిన్న వయసులో జబ్బు వచ్చిన కుటుంబాలను వేరుగా చూసినప్పుడు దారి దొరికింది. సుమారు 17 ఏళ్ల శ్రమ తరువాత, 1990లో, ఆ జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని ప్రకటించారు. దానికే బీఆర్‌సీఏ1 అని పేరు. 1994లో మరో బృందం ఆ జన్యువును విడదీసి చూపింది. ఒక కంపెనీ దాని మీద పేటెంట్ పొందింది. సహజమైన జన్యువు ఎవరి సొత్తూ కాదని 2013లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఆమె తన విద్యను ప్రయోగశాలకే పరిమితం చేయలేదు. అర్జెంటీనాలో సైనిక పాలకులు ఎత్తుకుపోయిన పిల్లలను అమ్మమ్మలు, నానమ్మలు గుర్తుపట్టడానికి జన్యుపరీక్షలతో సాయపడ్డారు. బెత్లెహేం విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలతో కలిసి పలస్తీనా కుటుంబాల్లోని పుట్టు చెవుడుకు కారణాలు వెతికారు.

ఆమె పనికి ఆధారం ఏమిటి? కుటుంబాలు నోరు విప్పి నిజం చెప్పడం. ఇక మన ఇళ్ల సంగతి చూడండి.

మా ఫుప్పు చిన్న వయసులోనే పోయారు. జబ్బేమిటో పిల్లలమైన మాకు చెప్పలేదు. చాలా ఏళ్లకు మా ఆపాకు రొమ్ములో గడ్డ వచ్చింది. "మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉందా?" అని డాక్టరమ్మ అడిగితే, లేదన్నాం. ఆ రాత్రి మా అబ్బా తల వంచుకుని అసలు సంగతి చెప్పారు. ఇంట్లో పెళ్లీడు పిల్లలున్నారని, సంబంధాలు తప్పిపోతాయని అప్పుడు దాచారట. అల్హందులిల్లాహ్, ఆపా ఈ రోజు మన మధ్య ఉన్నారు. పరీక్షలో జన్యులోపం బయటపడింది కాబట్టి మా చెల్లెలు కూడా ఇప్పుడు జాగ్రత్తగా చూపించుకుంటోంది.

రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఈ లోపం తల్లి నుంచే కాదు, తండ్రి నుంచి కూడా వస్తుంది. అది ఉన్నవారి ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, వచ్చే అవకాశం సగానికి సగం. అలాగని అందరూ భయపడనక్కరలేదు. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతమే. జన్యుపరీక్ష అందరికీ అవసరం లేదు. కానీ గడ్డ కనబడితే చూపించుకోవడం మాత్రం అందరికీ అవసరమే.

"తఖ్దీర్‌లో ఉన్నది జరుగుతుంది, పరీక్షలెందుకు?" అనేవారున్నారు. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని మన ప్రవక్త (స) బోధించారు. వైద్యం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

దాతలకు నా మనవి మూడు మాటలు. లేడీ డాక్టర్లతో, పరదాకు భంగం లేకుండా, మన బస్తీల్లో పరీక్షా శిబిరాలు పెట్టిద్దాం. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చి ఉంటే, డాక్టర్ సలహా మీద ఆ ఇంటివారి జన్యుపరీక్ష ఖర్చు భరిద్దాం. చికిత్స మధ్యలో బస్సు చార్జీలు లేక ఇంట్లో కూర్చుండిపోయే పేద తల్లికి దారిఖర్చు, తిండిఖర్చు ఇద్దాం. అర్హులకు జకాత్ నుంచి, మిగతావారికి సదఖా నుంచి.

ఇక డబ్బు అక్కరలేని సదఖా ఒకటుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లి, మన ఫుప్పులు, ఖాలాలు, నానీలు, దాదీలు ఏ జబ్బుతో పోయారో పిల్లలకు నిజం చెప్పండి.

అల్లాహ్ మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.