మంచుగుట్ట మీద ఒక శనివారం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చాను గనుక నయాగరా గురించి చెబుతాననుకుని ఉంటారు. అది మనవాళ్ళు ఇదివరకే చెప్పేశారు. నేను చెప్పేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్‌కు పడమటగా ఉన్న మౌంట్ బ్రైటన్ గురించి. పేరుకు మౌంటే గాని ఎత్తు సుమారు 230 అడుగులు. మన చార్మినారుకు ఒకటిన్నర రెట్లు కూడా లేదు. కురిసిన మంచు చాలకపోతే నీళ్ళను గాలితో కలిపి చిమ్మి మంచు తయారుచేస్తారు.

2024 జనవరిలో మా మనవరాలు, దాని నేస్తాలు ముగ్గురు స్నోబోర్డు నేర్చుకుంటామంటే వెంట వెళ్ళాను. పిల్లల దగ్గరికి వచ్చి ఉన్న మన శాఖ మిత్రులిద్దరు తోడయ్యారు. అకౌంట్సు మిత్రుడు తానూ జారతానని బయలుదేరి, పలక అద్దె రూపాయల్లోకి మార్చి చూసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని కూర్చున్నారు.

రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించుకుని పక్కవాటుగా నిలబడి జారడమే స్నోబోర్డు. 1965 క్రిస్మస్ నాడు అదే రాష్ట్రంలోని మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజనీరు కూతుళ్ళ ఆటకోసం రెండు స్కీ చెక్కలు కలిపి బిగించాడు. ఆ ఆటే పెరిగి పెద్దదై 1998లో నాగానో ఒలింపిక్స్‌కు ఎక్కింది.

నేర్పే కుర్రవాడు మొదట జారడం చెప్పలేదండీ, పడడం చెప్పాడు! ముందుకు పడితే అరచేతులు చాపకూడదు; పిడికిళ్ళు మూసి మోకాళ్ళ మీద, ముంజేతుల మీద వాలాలి. వెనక్కయితే ముందు కూలబడి, గడ్డం ఛాతీకి ఆనించి వీపు మీదికి దొర్లాలి. చెయ్యి ఊనితే మణికట్టు విరుగుతుంది. కొత్తవాళ్ళకు ఎక్కువగా తగిలే దెబ్బల్లో అదొకటి.

ఆ మాట వినేసరికి నాకు మా ఆవిడ గుర్తొచ్చింది. 2021లో స్నానాల గదిలో జారి, చెయ్యి ఊని, మణికట్టూ తుంటీ రెండూ విరగ్గొట్టుకుంది. ఎముకలు అతుక్కున్నాయి గాని భయం పోలేదు. వాకరుతో గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేది. ఆ రోజూ ఇంట్లోనే ఉండిపోయింది. (ఈ పడే కిటుకు మనకూ పనికొస్తుందా అని తరవాత మా డాక్టరు గారిని అడిగాను. "మీ ఎముకలకు వద్దు, గోడకు కడ్డీ బిగించుకోండి" అన్నారు. బిగించాం.)

మనవరాలు పడినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ణి. అది మంచు దులుపుకుని మళ్ళీ ఎక్కేది. మధ్యాహ్నానికి గుట్ట అడుగున పిల్లల వాలు మీద పై నుంచి కింది దాకా పడకుండా వచ్చింది.

సాయంత్రం ఇంటికి రాగానే, "అమ్మమ్మా, పదిహేడుసార్లు పడ్డాను" అని కమిలిన మోకాళ్ళు చూపించింది. మా ఆవిడ నన్ను నాలుగు చీవాట్లు పెట్టి, దానికి కొబ్బరినూనె రాసింది. రాస్తూ రాస్తూ, ఎలా పడ్డావో చెప్పమని ఒక్కొక్కటే అడిగింది.

మర్నాడు ఆదివారం వాకరు తనే తెచ్చుకుని గుమ్మం దాటింది. ఆ గుట్ట తనకూ చూపించమంది.